సొమ్మొకడిది, సోకొకడిది: ఒక రికార్డు కథ

మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' ఆల్బం మీలో చాలామంది వినే ఉంటారు. వినకపోయినా 1985లో వచ్చిన 'దొంగ' సినిమాలో చిరంజీవి 'గోలీమార్' పాట చూసే ఉంటారు కాబట్టి, దాని గాలి సోకని తెలుగువాడు ఉండడనే అనుకుంటా. ఆ ఆల్బంలో మొట్టమొదటి పాట 'వానా బీ స్టార్టిన్ సంథింగ్'. ఆరు నిమిషాల పాట. చివరికొచ్చేసరికి ఇంగ్లీషు పక్కకి తప్పుకుని, కోరస్ అంతా ఒక్కటై, నత్తి వచ్చినట్టు ఏవో అక్షరాలు మళ్ళీ మళ్ళీ అంటూ ఊగిపోతారు. జాక్సన్ హుషారులో నోటికొచ్చింది అన్నాడులే అని అనుకుంటారు చాలామంది. కాదు. ఆ నత్తిలో దాగి ఉన్న మాట 'మకోసా'. కామెరూన్ దేశంలో దువాలా అనే రేవుపట్నం వాళ్ళ నాట్యం పేరు అది, దానితోపాటు వచ్చే సంగీతం పేరూ అదే.

ఆ అక్షరాల వెనక ఒక చిన్న రికార్డు ఉంది. 'సోల్ మకోసా' అని. 1972లో వచ్చినప్పుడు చేసినవాడి స్వదేశంలోనే దానికి పెద్ద దిక్కు లేదు. న్యూయార్కులో ఒక రేడియో డీజే నెత్తినెత్తుకోబట్టి జనానికి తెలిసింది. తెలిశాక ఎవరెవరికో డబ్బులు రాల్చింది. చేసినాయన మాత్రం 2009లో కూడా, అంటే ముప్ఫై ఏడేళ్ళ తర్వాత కూడా, ఆ నాలుగు ముక్కలు నావేనండీ అని పారిస్ కోర్టులో నిలబడాల్సి వచ్చింది. పక్కవాడు రాసిన కోడు మీద రోజూ బతికే వృత్తి మనది. లైసెన్సు ఫైలు తెరిచి చదివిన పాపాన పోనివాళ్ళమే ఎక్కువ. అందుకని ఈ కథ మనవాళ్ళకి చెప్పాలనిపించింది.

ఆయన పేరు మనూ దిబాంగో. 1933 డిసెంబరు 12న దువాలాలో పుట్టాడు. తండ్రి ప్రభుత్వోద్యోగి. తల్లి బట్టలు కుట్టేది, చర్చిలో పాటల బృందాన్ని నడిపేది. అప్పటికి కామెరూన్‌లో ఆ భాగం ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉంది. పదిహేనేళ్ళ కుర్రాణ్ణి 1949లో ఓడెక్కించి ఫ్రాన్సు పంపించారు, చదువుకుని పెద్దవాడివి కమ్మని. ఖర్చులకని వెంట ఇచ్చింది మూడు కిలోల కాఫీ. యుద్ధం అయిపోయిన కొత్తల్లో ఫ్రాన్సులో కాఫీ అంటే నగదు కిందే లెక్క మరి. తరవాత్తరవాత ఆయన ఆత్మకథకి పెట్టుకున్న పేరు కూడా 'మూడు కిలోల కాఫీ'యే. (ఇంత మంచి పేరున్న ఆత్మకథ నేనింకొకటి చూడలేదు.)

ఇహ ఆ తర్వాత కథ మన ఇళ్ళల్లో జరిగేలాంటిదే. చదువుకోమని పంపితే వీడు పియానో పట్టుకున్నాడు, అది చాలక సాక్సఫోన్ పట్టుకున్నాడు. బకలోరియా పరీక్ష, అంటే మన ఇంటర్మీడియట్ లాంటిదనుకోండి, తప్పాడు. నాన్నగారు డబ్బు పంపడం ఆపేశారు. 1956లో బ్రస్సెల్స్ చేరి రాత్రిపూట క్లబ్బుల్లో వాయించుకుంటూ గడిపాడు. అక్కడే జోసెఫ్ కబాసెలే అని, కాంగో సంగీతంలో మహా పేరున్నాయన, పరిచయమయ్యాడు. ఆయన బృందంతో 1961లో లియోపోల్డ్‌విల్ (ఇప్పటి కిన్‌షాసా) వెళ్ళాడు. అక్కణ్ణించి 1963లో సొంత దేశం. అక్కడ క్లబ్బు పెట్టి నష్టపోయి, అరవైల మధ్యలో మళ్ళీ పారిస్. నినో ఫెర్రర్ లాంటి ఫ్రెంచి గాయకుల వెనకాల నిలబడి వాయించడం. అంటే 1972 నాటికి ఆయన వయసు ముప్ఫై ఎనిమిది. అనుభవానికి కొదవ లేదు, మూడు దేశాల సంగీతం వేళ్ళ చివర ఉంది, పేరు మాత్రం అంతంత మాత్రం. ప్రతి కంపెనీలోనూ ఇలాంటి సీనియర్ ఒకాయన ఉంటాడు, గమనించారా?

ఆ సంవత్సరం ఆఫ్రికా దేశాల ఫుట్‌బాల్ కప్పు, ఎనిమిదోది, కామెరూన్‌లో జరిగింది. ఫిబ్రవరి 23 నించి మార్చి 5 దాకా. సొంత గడ్డ మీద కప్పు అంటే దేశమంతా ఊగిపోతుంది కదా. ఆ సందర్భానికి ఒక గీతం చేస్తానని దిబాంగో ముందుకొచ్చాడు, ప్రభుత్వం సరేనంది. గీతం తయారైంది. చిన్న రికార్డుకి ఒక వైపు గీతం పడుతుంది, రెండో వైపు ఖాళీగా వదలలేరు. అక్కడ ఏదో ఒకటి పెట్టాలి. పెట్టింది 'సోల్ మకోసా'. ఏ సర్కారూ అడగనిది, ఎవరి ఆమోదముద్రా అక్కర్లేనిది కాబట్టి, అందులో ఆయన తనకి తోచింది తాను చేసుకున్నాడు.

ఆ పాటలో పెద్ద విశేషమేమీ కనపడదు మొదట. నాలుగున్నర నిమిషాలు. స్వరాలు అట్టే మారవు, ఉన్నచోటే తిరుగుతుంటాయి. డ్రమ్ములూ బేసు గిటారూ కలిసి ఒక నడక మొదలుపెడతాయి, ఆ నడక ఆగదు. దాని మీద దిబాంగో గొంతు. పాడుతున్నట్టు ఉండదు, నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంటుంది, అంత లోతు గొంతు ఆయనది. మాటలు దువాలా భాషలో. మకోసా అన్న మాటని ముక్కలు చేసి, నత్తి పెట్టి, తాళంలో ఇరికించి అంటాడు. మధ్యమధ్య సాక్సఫోన్ వచ్చి ఓ చిన్న ముక్క వాయించి వెళుతుంది, మళ్ళీ వస్తుంది. పేరులో 'సోల్' ఊరికే లేదు. అమెరికా నల్లవాళ్ళ సోల్ సంగీతం పారిస్‌లో కూర్చుని బాగా విన్నవాడు చేసిన మకోసా అది. ఇంట్లో సాధన చేస్తుంటే, మకోసా అని అందరిలాగా తిన్నగా పలకలేవా, ఈ నత్తేమిటి, అని వేళాకోళం చేశారని ఆయనే రాసుకున్నాడు. ఈ నత్తి సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

కప్పు సంగతి చెప్పలేదు కదూ. సెమీఫైనల్లో కాంగో చేతిలో కామెరూన్ 0-1తో ఓడిపోయింది. చివరికి మూడో స్థానం. కప్పు పోయాక కప్పు గీతం ఎవడిక్కావాలి? రికార్డు అటకెక్కింది.

ఇక్కడ న్యూయార్కుకి వెళ్ళాలి. ఆ ఊళ్ళో డేవిడ్ మాన్‌కూసో అని ఒక సంగీతపిచ్చి మనిషి, 1970 నించి బ్రాడ్‌వే మీద ఉన్న తన ఇంట్లోనే శనివారం రాత్రుళ్ళు నాట్యవిందులు చేసేవాడు. దానికి 'ద లాఫ్ట్' అని పేరు. మందు అమ్మరు, పిలుపు ఉంటేగానీ రానివ్వరు. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, స్పానిషువాళ్ళు, స్వలింగ ప్రేమికులు, అందరూ కలిసి ఆడేవాళ్ళు. మంచి స్పీకర్లు, వాటికి తగ్గ రికార్డులు, ఈ రెండే ఆయన వ్యాపకం. పాటల కోసం ఊరంతా గాలించేవాడు. అలా గాలిస్తూ 1972లో బ్రూక్లిన్‌లో, కరీబియన్ దీవులవాళ్ళ రికార్డుల కొట్టులో, ఫియెస్టా అనే ఫ్రెంచి లేబుల్ మీద ఉన్న ఈ రికార్డు తవ్వి తీశాడు. లాఫ్ట్‌లో వేశాడు. జనం వెర్రెత్తిపోయారు. ఊళ్ళో ఉన్న కాసిని కాపీలూ ఎగిరిపోయాయి.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది క్లబ్బులవాళ్ళ మధ్య తిరిగే రహస్యంగా మిగిలిపోయేది. అలా మిగిలిపోయిన గొప్ప రికార్డులకి లెక్కే లేదు. ఆగకుండా చేసినవాడు ఫ్రాంకీ క్రాకర్. డబ్ల్యూబీఎల్ఎస్ అని 107.5 ఎఫ్.ఎం. స్టేషన్, న్యూయార్కు నల్లవాళ్ళ చెవులన్నీ అక్కడే ఉండేవి. అక్కడ ఆయన డీజే. పైగా ప్రోగ్రాం డైరెక్టరు, అంటే ఏ పాట వెయ్యాలో ఏది వెయ్యకూడదో చెప్పే అధికారం కూడా ఆయనదే. 'చీఫ్ రాకర్' అని బిరుదు తగిలించుకున్నాడు. వినయం అనేది ఆయన సామానులో లేదు. తర్వాతి రోజుల్లో స్టూడియో 54 అనే ఖరీదైన క్లబ్బుకి తెల్లగుర్రం ఎక్కి వచ్చిన ఘనుడు.

కానీ ఆ డాబు వెనక ఒక పని ఉంది. క్రాకర్ రాత్రుళ్ళు క్లబ్బులకి వెళ్ళి నిలబడి, జనం కాళ్ళు ఏ పాటకి ఎలా కదులుతున్నాయో చూసేవాడు. చూసింది మర్నాడు రేడియోలో వేసేవాడు. తర్వాత్తర్వాత ప్యారడైజ్ గరాజ్‌లో లారీ లెవాన్ వేసిన పాటల్ని కూడా ఇలాగే ఎత్తుకుని ఊరంతటికీ వినిపించాడు. మన భాషలో చెప్పాలంటే బీటా టెస్టింగు క్లబ్బులో, రిలీజు రేడియోలో. ఆ రోజుల్లో ఇదెంత విచిత్రమో తెలియాలంటే మామూలు పద్ధతి తెలియాలి. రికార్డు కంపెనీ మనుషులు స్టేషన్లకొచ్చి, మా పాట వెయ్యండని వెంటపడి, మొహమాటపెట్టి వేయించుకునేవాళ్ళు. 'సోల్ మకోసా' వెనకాల అమెరికాలో కంపెనీయే లేదు. వెంటపడేవాడు లేడు, కొనుక్కుందామంటే కొట్లో సరుకు లేదు. అలాంటి పాటని, అదీ ఆఫ్రికన్ భాషలో ఉన్నదాన్ని, దేశంలోకెల్లా పెద్ద ఊళ్ళో పనిగట్టుకుని పదేపదే వెయ్యడం అంటే వ్యాపారం తెలిసినవాడు చేసే పని కాదు.

పాటలు వెయ్యడానికి లంచాలు పుచ్చుకునే వ్యవహారం మీద జరిగిన దర్యాప్తులో క్రాకర్ కూడా ఇరుక్కున్నాడు. 1976లో గ్రాండ్ జ్యూరీ ముందు అబద్ధమాడాడని ఆయన్ని దోషిగా తేల్చారు, తర్వాత ఆ తీర్పు కొట్టేశారు. ఆ గొడవ ఎలాంటిదైనా, ఈ పాట విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు. లంచం ఇవ్వడానికి అవతల ఎవడైనా ఉండాలి కదండీ!

సరే, రేడియోలో పాట మోగిపోతోంది. జనం కొట్లకి పరిగెత్తారు. రికార్డు లేదు. గిరాకీ కొండంత, సరుకు గుప్పెడు. తర్వాత ఏం జరుగుతుందో మీకు నేను చెప్పాలా? ఇరవైకి పైగా బృందాలు అదే పాటని తామూ వాయించి, హడావిడిగా రికార్డులు అచ్చేసి, కొట్లలో పెట్టేశాయి. లాస్ ఏంజెలెస్‌లో స్టూడియో వాద్యకారుల్ని పోగేసి 'అఫ్రీక్' అని బృందానికి పేరు పెట్టి ఒకటి వదిలారు. నైజీరియా నించి వచ్చి అమెరికాలో స్థిరపడిన డోలు విద్వాంసుడు ఒలటుంజీ ఒకటి చేశాడు. లఫాయెట్ ఆఫ్రో రాక్ బ్యాండ్ అని పారిస్ చేరిన అమెరికన్ కుర్రాళ్ళు ఒకటి చేశారు. దిబాంగో స్వరాన్ని, ఆ నత్తిని, సాక్సఫోన్ ముక్కని విని అప్పజెప్పడమే అందరి పనీ.

ఇది దొంగతనమా అంటే, కాదు. చట్టం అలాగే ఉంది మరి. అమెరికాలో 1909 కాపీరైటు చట్టం ప్రకారం, ఒక పాట ఒకసారి రికార్డయి బయటికొచ్చాక, ఎవరైనా దాన్ని తిరిగి వాయించి అమ్ముకోవచ్చు. స్వరకర్త అనుమతి అక్కర్లేదు. కాపీకి 2 సెంట్లు కడితే చాలు. 1909లో పెట్టిన ఆ 2 సెంట్లు 1978 దాకా మారలేదు! డాలరు అటూ ఇటూ ఉండే రికార్డు మీద పాట రాసినవాడికి, ప్రచురణకర్తకి కలిపి ఆ 2 సెంట్లు. సాక్సఫోన్ వాయించినవాడిగా, ఆ శబ్దాన్ని సృష్టించినవాడిగా దిబాంగోకి సున్న, ఎందుకంటే వాళ్ళు వాయించింది వాళ్ళ సాక్సఫోన్ కదా. రేడియో సంగతి ఇంకా బాగుంటుంది. అమెరికాలో రేడియో స్టేషన్లు పాట వేస్తే స్వరకర్తకి ఎంతో కొంత వస్తుంది గానీ, పాడినవాడికీ వాయించినవాడికీ దమ్మిడీ రాదు. ఆ నియమం ఈనాటికీ అలాగే ఉంది. క్రాకర్ రోజుకి పదిసార్లు వేసినా ఒక్కసారి వేసినా వాద్యకారుడి లెక్కలో తేడా ఏమీ పడదు.

అలాగని క్రాకర్‌ని తప్పుపట్టడం నావల్ల కాదు. ఆయన చెయ్యగలిగింది వినిపించడం, అది చేశాడు. ఎవరో ఒకరు గట్టిగా నిలబడి ఇది వినండహో అని అరిస్తే తప్ప ఏ మంచి పనీ బయటపడదు. కానీ అరిచిన మరుక్షణం ఏమవుతుందంటే, ఆ అరుపు దూరంలో ఉన్న యజమాని కన్నా దగ్గర్లో ఉన్న వర్తకుడికి ముందు వినపడుతుంది. దువాలా నించి న్యూయార్కు దూరం. లాస్ ఏంజెలెస్ నించి దగ్గర. అంతే.

ఆఖరికి 1973లో అట్లాంటిక్ రికార్డ్స్ వాళ్ళు మేలుకుని ఫియెస్టా దగ్గర హక్కులు తీసుకుని అసలు రికార్డుని అమెరికాలో విడుదల చేశారు. బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో 35వ స్థానం దాకా వెళ్ళింది. 'అఫ్రీక్' వాళ్ళ నకలు 47వ స్థానం దాకా వెళ్ళింది. అంటే అసలుకీ నకలుకీ తేడా పన్నెండు మెట్లు! అయినా అసలే పైన నిలిచిందని సంతోషించాలేమో. అదే ఏడాది సెప్టెంబరులో విన్స్ అలెటీ 'రోలింగ్ స్టోన్' పత్రికలో ఈ క్లబ్బుల సంగీతం గురించి రాసిన వ్యాసంలో కూడా ఈ రికార్డుంది. డిస్కో అనే మాట ఇంకా సంగీతానికి పేరుగా స్థిరపడని రోజులవి. ఆ తర్వాత వచ్చిన డిస్కో వరదకి మొదటి జల్లు ఇదేనని చాలామంది రాశారు, నాకూ అలాగే అనిపిస్తుంది. దిబాంగో అమెరికా వెళ్ళి హార్లెంలో అపోలో థియేటర్లో వాయించాడు, ఫానియా ఆల్ స్టార్స్ అనే సల్సా మహామహులతో కలిసి వాయించాడు, గ్రామీకి నామినేట్ అయ్యాడు. నలభయ్యో ఏట వచ్చిన పేరు. ఆలస్యమైనా నిజమైన పేరే.

నకళ్ళ గొడవలో ఒక మంచి ముచ్చట కూడా ఉంది. కూల్ అండ్ ద గ్యాంగ్ అనే బృందాన్ని వాళ్ళ కంపెనీ తరఫువాళ్ళు, మీరు కూడా 'సోల్ మకోసా' వాయించండి అని అడిగారట. కుర్రాళ్ళకి పౌరుషం వచ్చింది. వాయించం, మా పాట మేమే చేసుకుంటాం అని వెళ్ళి కూర్చుని 'జంగిల్ బూగీ', మరో రెండు పాటలు తయారుచేసుకొచ్చారు. వింటే 'సోల్ మకోసా' నడక చెవికి తగుల్తుంది, కానీ ఎక్కడా దాని ముక్క ఒక్కటి కూడా లేదు. పక్కవాడి ప్రోగ్రాం ఏం చేస్తుందో చూసి, దాని కోడు ముట్టుకోకుండా, మన బుర్రతో మనం రాసుకోవడం లాంటిదన్నమాట. అరువు తెచ్చుకోవడంలో ఇదే మర్యాదైన పద్ధతి అని నా అభిప్రాయం.

ఇహ జాక్సన్ దగ్గరికి వద్దాం. 'థ్రిల్లర్' 1982 నవంబరు 30న విడుదలైంది. మొదటి పాటలో దిబాంగో నత్తి ఉంది, కాస్త మారిన ఉచ్చారణతో. పాట రచయితగా ఉన్నది ఒక్క మైకేల్ జాక్సన్ పేరే. ఇది పైన చెప్పిన నకళ్ళ లాంటిది కాదు. మొత్తం పాటని తిరిగి వాయిస్తే 2 సెంట్ల దారి ఉంది. ఒకరి పాటలో ముక్క తీసుకొచ్చి మన కొత్త పాటలో కలిపేసి, కింద మన సంతకం పెట్టుకోవడానికి ఆ దారి పనికిరాదు, అడిగి తీరాలి. అడగలేదు. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన ఆల్బంలో మొదటి పాట అది. దిబాంగో దావాకి దిగాడు. అరువు తీసుకున్నమాట జాక్సన్ ఒప్పుకున్నాడు, కోర్టు బయట డబ్బిచ్చి సర్దుబాటు చేసుకున్నారు.

ఇక్కడ ఎదుటివాళ్ళ వాదన కూడా చెప్పుకోవాలి, లేకపోతే అన్యాయం. మకోసా అనేది దువాలా జనం మాట. కోలాటం అనే మాట నాదని ఎవడైనా అంటే నవ్వమూ? మకోసా నడక కూడా దిబాంగో కనిపెట్టింది కాదు, అది ఊరిది. సోల్ అమెరికా నల్లవాళ్ళది. అక్కడోటి ఇక్కడోటి కలిపి పాట చేసినవాడికి, తన పాటలోంచి ఇంకొకడు తీసుకుంటే ఎందుకంత కోపం? వినడానికి బాగానే ఉంటుంది ఈ వాదన. కానీ ఆ నత్తి ఎవరిది? ఊరిది కాదే! ఊరిదే అయితే ఇంట్లోవాళ్ళు వేళాకోళం ఎందుకు చేస్తారు? మాట అందరిదీ, దాన్ని విరిచిన తీరు మాత్రం ఒక్కడిది. జాక్సన్ తీసుకున్నది మాటని కాదు, ఆ విరుపుని. నిఘంటువులోంచి తీసుకుంటే పేచీ లేదు, రికార్డులోంచి తీసుకున్నాడు.

అసలు మలుపు 2007లో వచ్చింది. రిహానా 'డోంట్ స్టాప్ ద మ్యూజిక్' పాటలో జాక్సన్ పాటలోని ఆ ముక్కే మళ్ళీ వాడారు. ఈసారి వాళ్ళు బుద్ధిగా అనుమతి అడిగారు. ఎవర్ని? జాక్సన్‌ని! ఆయన కానీయండి అన్నాడు. రచయితల జాబితాలో ముగ్గురు కొత్తవాళ్ళ పేర్లతోపాటు మైకేల్ జాక్సన్ పేరు చేర్చారు. దిబాంగోని అడిగినవాడు లేడు, పేరు వేసినవాడూ లేడు. మనం రోజూ చేసే తప్పే ఇది. ఒక లైబ్రరీ తెచ్చుకుంటాం, దాని లైసెన్సు చూసుకుని తృప్తిపడతాం. ఆ లైబ్రరీ ఇంకెవరి లైబ్రరీ మీద నిలబడిందో, వాళ్ళ షరతులేమిటో చూడం. అరువు తెచ్చుకున్నవాడు దానికి తనే హక్కుదారుడైనట్టు ఇంకొకరికి అరువిచ్చేస్తే, పాతికేళ్ళనాటి సర్దుబాటుకి విలువేముంది?

దిబాంగో పారిస్‌లో కోర్టుకెళ్ళాడు. 2008లో మొదటి విడత. ఫ్రాన్సులో ఇకముందు విడుదలయ్యే ప్రతుల మీద దిబాంగో పేరు వెయ్యాలని యూనివర్సల్ కంపెనీకి జడ్జి చెప్పాడు. దిబాంగో సరేనని వ్యాజ్యం విరమించుకున్నాడు. ఆ తర్వాత 2009లో మళ్ళీ వెళ్ళాడు, ఈసారి జాక్సన్, రిహానాల మీద నష్టపరిహారం కోసం. 5 లక్షల యూరోలు అడిగాడు. వివాదం తేలేదాకా ఆ ముక్క మీద వచ్చే ఆదాయం సోనీ బీఎంజీ, ఈఎంఐ, వార్నర్ కంపెనీలకి చేరకుండా ఆపమన్నాడు. కొత్త జడ్జి కేసు లోపలికి కూడా పోలేదు. పోయినేడు పేరు వేస్తామంటే ఒప్పుకుని విరమించుకున్నావు కాబట్టి, పరిహారం అడిగే హక్కు అప్పుడే వదులుకున్నట్టు లెక్క, ఈ దావా చెల్లదు, అని తేల్చేశాడు.

ఇది చదివినప్పుడల్లా నాకు మండిపోతుంది. న్యాయశాస్త్రం దృష్టిలో అది సరైన తీర్పే అయ్యుండొచ్చు, నేను లాయర్ని కాను. కానీ ఆయన ముందున్న బేరమేమిటో చూడండి. పేరు కావాలా, డబ్బు కావాలా? డెబ్భై నాలుగేళ్ళ మనిషి ముందు పేరు పుచ్చుకున్నాడు, అదీ ఒక్క ఫ్రాన్సులో, అదీ అప్పటికే అమ్ముడుపోయిన లక్షల ప్రతుల మీద కాదు, ముందు ముందు అచ్చయ్యేవాటి మీద. దానికి ధర, మిగతాదంతా. మనవాళ్ళల్లో ఓపెన్ సోర్సు కోసం రాత్రుళ్ళు కూర్చుని రాసేవాళ్ళు నాకు కొందరు తెలుసు. డబ్బు రాకపోయినా ఫరవాలేదు, పైన నా పేరు తీసెయ్యకండయ్యా అంటారు. బయటివాళ్ళకి అది చిన్నపిల్లల కోరికలా కనిపిస్తుంది. ఆ పేరుని చూసే రేపు ఇంకొకడు అడగడానికి వచ్చేది. పేరు లేనిచోట అడగడానికి చిరునామా ఉండదు. రిహానా తరఫువాళ్ళు జాక్సన్ తలుపు తట్టారంటే కారణం, జాక్సన్ పాట మీద దిబాంగో పేరు లేకపోవడమే. 1982లో ఆ ఒక్క పంక్తి వేసి ఉంటే 2007లో అనుమతి ఉత్తరం సరైన ఇంటికి వెళ్ళేది. కాబట్టి పేరూ డబ్బూ వేరు వేరు, ఏదో ఒకటి కోరుకో అన్న ఆ బేరమే నాకు తప్పుగా తోస్తుంది.

కామెరూన్‌వాళ్ళకి ఇదేం కొత్త కాదనుకోండి. ఆంద్రే-మారీ తాలా అనే అంధ గాయకుడి 'హాట్ కోకీ' పాటని సాక్షాత్తూ జేమ్స్ బ్రౌన్ 1975లో 'హసిల్' అని పేరు మార్చి తన పాటగా వదిలాడు. తాలా కేసు వేసి గెలిచాడు. 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పప్పుడు మన ఆఫీసుల్లో, పెళ్ళిళ్ళల్లో, ఆటోల్లో కూడా మోగిన షకీరా 'వాకా వాకా' ఉందే, దాని పల్లవి కూడా కామెరూన్‌దే, గోల్డెన్ సౌండ్స్ బృందం 1986లో చేసిన పాటలోది. సోల్, డిస్కో, పాప్, ఎటు చూసినా ఆ చిన్న దేశపు అప్పు కనపడుతుంది. దిబాంగోకి ఈ బాధ బాగా తెలుసు కాబట్టే కామెరూన్‌లో కళాకారులకి రాయల్టీలు వసూలు చేసిపెట్టే సంఘానికి కొన్నాళ్ళు అధ్యక్షుడిగా కూడా కూర్చున్నాడు. అక్కడ కూడా డబ్బు పంపకాల దగ్గర తగాదాలే, ప్రశాంతంగా ఏమీ సాగలేదు.

అలాగని ఆయన జీవితమంతా ఏడుస్తూ గడిపాడనుకునేరు. లేదు. డజన్లకొద్దీ రికార్డులు చేశాడు, 1994లో 'వకాఫ్రికా' అని యూసూ ఎన్‌దూర్ లాంటి హేమాహేమీల్ని పిలిచి ఆల్బం చేస్తే అందులో 'సోల్ మకోసా'ని మళ్ళీ కొత్తగా వాయించాడు. తన పాటకి తనే నకలు చేసుకున్న ఇరవై నాలుగోవాడో ఇరవై అయిదోవాడో అన్నమాట :) నున్నటి గుండు, నల్లకళ్ళద్దాలు, పెద్ద నవ్వు. ఆ నవ్వు కూడా పాటలో భాగంలాగే ఉండేది.

ఫ్రాంకీ క్రాకర్ 2000 అక్టోబరులో చనిపోయాడు. డేవిడ్ మాన్‌కూసో 2016 నవంబరులో. మనూ దిబాంగో 2020 మార్చి 24న పారిస్ దగ్గర కరోనాతో పోయాడు, ఎనభై ఆరేళ్ళు. ఆ జబ్బుకి బలైన మొదటి పేరున్న సంగీతకారుల్లో ఆయనొకడు. లాక్‌డౌన్ రోజులు కాబట్టి అంత్యక్రియలకి దగ్గరివాళ్ళు తప్ప ఎవరూ లేరు. మర్నాడు పేపర్లలో, సైట్లలో ఆయన గురించి వచ్చినవి వరసపెట్టి చదివాను. చాలావాటిలో మొదటి రెండు పేరాల్లోనే మైకేల్ జాక్సన్ పేరుంది.